బెంగళూరు నుంచి టోక్యో వెళ్లేవారికి: మింగేయ్‌కాన్‌ను చూడడం ఎలా

ఆఫీసు పని మీద టోక్యో వెళ్లే మన బెంగళూరు తెలుగువారు, చేతికి చిక్కిన ఒక్క శనివారాన్నీ టవర్లకూ ఎలక్ట్రానిక్స్ దుకాణాలకూ ఇచ్చేస్తుంటారు. అందులో ఒక పూటను కొమాబాలోని నిహోన్ మింగేయ్‌కాన్‌కు, అంటే జపాన్ జానపద హస్తకళల మ్యూజియానికి మిగుల్చుకోండి.

సన్నాహం ఇక్కడే మొదలుపెట్టాలి. ఒక ఆదివారం మైసూరు రోడ్డు మీద 60 కిలోమీటర్ల దూరంలోని చన్నపట్నం వెళ్లి, లేత్ మీద తిరిగే కొయ్యకు లక్క కడ్డీని ఆనించగానే ఆ రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టడమూ, పనివారు దానికి మొగలాకుతో మెరుగు పెట్టడమూ దగ్గర నుంచి చూడండి. ఏటికొప్పాక బొమ్మలు ఎరిగినవారికి ఇది పాత విద్యే. జపాన్ వారి పూత వేరు. మన లక్క పురుగు నుంచి వస్తే, వారిది ఉరుషి చెట్టు బెరడును గాటు పెడితే కారే పాలు. గాలిలో తేమ ఉంటేనే అది గట్టిపడుతుంది కనుక, పూత పూతకూ వస్తువును తేమ పట్టిన అరలో ఉంచుతారు. అలాగే బీరువాలోని పోచంపల్లి చీరను ఒకసారి విప్పి, పువ్వు అంచున రంగు కాస్త చెదిరినట్టుండే చోటును గమనించండి. నేతకు ముందే నూలుకు కట్లు కట్టి రంగు వేసే ఈ పద్ధతినే అక్కడ కసురి అంటారు.

షిబుయాలో ఇనొకషిర లైన్ లోకల్ రైలు ఎక్కితే రెండో స్టేషను కొమాబా-తోదాయ్‌మాయె. ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగదు; తొందరపడి ఎక్కిన నేను షిమొకితజావా దాకా పోయి వెనక్కి రావలసి వచ్చింది. మ్యూజియం ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు ఉంటుంది, సోమవారం సెలవు. ప్రదర్శన మార్చే రోజుల్లోనూ మూసివేస్తారు కాబట్టి తేదీలు ముందే చూసుకోవాలి. గుమ్మంలో చెప్పులు విడవాలి. చిరుగులు లేని మేజోళ్లు వేసుకోవడం మంచిది.

తత్వవేత్త యానగి సోఎత్సు 1925లో హమద షోజి, కవయి కంజిరో అనే కుమ్మరులతో కలిసి మింగేయ్, అంటే సామాన్యుల చేతిపని, అనే మాటను కల్పించి, 1936లో ఈ మ్యూజియాన్ని తెరిచారు. సేకరణలో సుమారు 17,000 వస్తువులున్నా ఒకసారికి కొన్నే బయట పెడతారు. నల్లని చిన్న పలక మీద ఎర్రని అక్షరాల్లో రాసే పరిచయం చాలా క్లుప్తంగా ఉంటుంది. చదవడానికి ముందు వస్తువునే చూడాలన్నది యానగి ఉద్దేశం కనుక, అనువాదం కోసం వెంటనే ఫోను తీయకండి.

ఒంతా అనే కుమ్మరుల ఊరిలో చేసిన మట్టి పళ్లెం ఒకటి కనబడితే దాని ముందు కాసేపు నిలబడండి. అందులో వరుసగా, గింజలు చల్లినట్టు కనిపించే చిన్న గాట్లు కుంచెతో వేసినవి కావు. తిరిగే సారె మీది పచ్చి పళ్లేనికి సన్నని ఇనుప రేకును తాకిస్తే, అది ఎగిరెగిరి పడుతూ తెల్లని మట్టిపూతను చెక్కుతుంది. ఆ గాట్లలోంచి అడుగునున్న ముదురు మట్టి బయటపడుతుంది. రెండు గాట్ల మధ్య ఎడం ఎక్కడ పెరిగిందో వెతకండి, కుమ్మరి చేయి కదిలిన తీరు అక్కడ తెలుస్తుంది. గదులన్నీ చూడాలన్న ఆత్రం కన్నా ఇలా నాలుగు వస్తువుల దగ్గర గంటసేపు గడపడమే నాకు నచ్చుతుంది.

వెళ్లేటప్పుడు దుకాణంలో గిన్నె కొంటే, దాన్ని మెత్తని బట్టలో చుట్టి విమానంలో చేతిసంచిలోనే పెట్టుకోండి.