మంచె మీద ఒంటరిగా: మీ వేటను మీరే చిత్రీకరించుకోవడం
మూడో పాఠం: 700 డాలర్లలో ఏం కొనాలి

లైసెన్సు సంగతి, చోటు ఎంపిక, మంచె మీద ఒళ్లంతటికీ కట్టుకునే హార్నెస్ వ్యవహారం మొదటి రెండు పాఠాల్లో అయిపోయాయి. ఇప్పుడు సంచిలోకి ఏం వెళ్లాలో చూద్దాం. పాత పాఠాలు చదవకుండా ఇక్కడికే వచ్చినవాళ్లకు ఒక మాట: ఇవి అమెరికాలో, ముఖ్యంగా టెక్సస్ లాంటి చోట్ల, లైసెన్సుతో తెల్లతోక జింకను వేటాడే తెలుగువాళ్ల కోసం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడడం జైలుకు పంపే నేరం. ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉండి చదివేవాళ్లు ఇదే సామానుతో పక్షులనో జింకలనో చిత్రీకరించుకోవచ్చు. లెక్కలు ఒక్కటీ మారవు.

కొత్తవాళ్లు డబ్బంతా కెమెరాకే పోసేస్తారు. చేతిలో మిగిలినదానితో నాసిరకం స్టాండు కొంటారు, మైకు అసలు కొనరు. ఒంటరిగా చిత్రీకరించేవాడికి కెమెరామన్ లేడు. కెమెరా తిప్పే చెయ్యీ, తుపాకీ పట్టే చెయ్యీ ఒకటే. అందుకే కొనబోయే ప్రతి వస్తువునూ ఒక్క ప్రశ్న అడగండి: కన్ను జింక మీద ఉండగా దీన్ని ఒంటిచేత్తో, చప్పుడు లేకుండా నడపగలనా?

జూమ్ ఎంత కావాలి

ఇది లెక్క వేసి తేల్చుకోవాల్సిన విషయం. పెద్ద జింక పక్కకు తిరిగి నిలబడితే ఒళ్లు సుమారు మీటరున్నర. తెర వెడల్పులో మూడో వంతు జింక ఉంటే చూసేవాళ్లకు నిండుగా ఉంటుంది. అంటే నాలుగున్నర మీటర్ల వెడల్పు తెరలో పట్టాలి. దానికి కావాల్సిన ఫోకల్ లెంగ్త్ (లెన్సు ఎంత దగ్గరికి లాగుతుందో చెప్పే అంకె, అన్ని కెమెరాలనూ పోల్చడానికి 35 ఎంఎం లెక్కలో) దూరాన్ని మీటర్లలో తీసుకుని 8తో గుణిస్తే వస్తుంది. గజాల్లో కొలిచేవాళ్లు 7తో గుణించినా పెద్ద తేడా రాదు.

విల్లుతో 20 గజాల్లో వేటాడితే 140-150 ఎంఎం చాలు. 30 గజాలకు 220. పెట్టె మంచెలో (గోడలు, కిటికీలున్న గదిలాంటి మంచె) రైఫిలుతో కూర్చుని 100 గజాల అవతలి ఫీడర్ (జింకలకు మేత వేసే డబ్బా) వైపు చూసేవాళ్లకు 730 కావాలి. ఫోన్ ప్రధాన లెన్సు సుమారు 24 ఎంఎం. దాంతో 100 గజాల్లోని జింక తెరలో తొంభయ్యో వంతు, అంటే ఆవగింజంత. తలకు కట్టుకునే యాక్షన్ కెమెరా ఇంకా వెడల్పుగా చూస్తుంది, 20 గజాల్లోని జింక కూడా అందులో పిల్లిపిల్లలా కనిపిస్తుంది. యాక్షన్ కెమెరా మీ ముఖం తీయడానికి పనికొస్తుంది, జింకను తీయడానికి కాదు.

730 లేదని బెంగ పడకండి. 4కేలో (మామూలు 1080 హెచ్‌డీకి అడ్డంగా, నిలువుగా రెట్టింపు చుక్కలు) తీసి తర్వాత 1080కి కత్తిరిస్తే జూమ్ రెండింతలైనట్టే. డబ్బా మీద రాసే డిజిటల్ జూమ్ అంకెను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు, మెనూలోకి వెళ్లి దాన్ని ఆపేయండి.

వెలుతురు దగ్గరే అసలు పేచీ

టెక్సస్‌లో జింక వేటకు అనుమతించిన సమయం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా. జింకలు ఎక్కువగా కదిలేది కూడా ఆ మునిచీకటిలోనే. కంటికి జింక కనిపిస్తూనే ఉంటుంది, కెమెరాకు మాత్రం చుక్కలు కనిపిస్తాయి, అంటే బొమ్మంతా గరుకు చుక్కలతో నిండిపోతుంది. సెన్సర్ (వెలుతురును పట్టే చిప్పు) చిన్నదైతే చట్టం ఇచ్చిన ఆఖరి పది పదిహేను నిమిషాలను వదులుకోక తప్పదు.

తూకం ఇలా ఉంటుంది. సోనీ ఏఎక్స్53 లాంటి హ్యాండీక్యామ్‌లో సెన్సర్ 1/2.5 అంగుళాలు, జూమ్ 26.8 నుంచి 536 ఎంఎం దాకా, పూర్తి జూమ్‌లో లెన్సు ఎఫ్ 3.8 (ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది). ఒక అంగుళం సెన్సర్ (పేరుకే అంగుళం, నిజానికి దాని వెడల్పు 13.2 ఎంఎం) వైశాల్యంలో దీనికి నాలుగున్నర రెట్లు. ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్ (పెద్ద సెన్సరుండి, లెన్సులు మార్చుకునే కెమెరా) అయితే దాదాపు 15 రెట్లు. కానీ దానికి చవకగా దొరికే 55-210 లెన్సు పూర్తి జూమ్‌లో ఎఫ్ 6.3కి పడిపోతుంది, అందువల్ల మిగిలే లాభం ఐదు రెట్లే. జూమ్ కూడా 35 ఎంఎం లెక్కలో 315 దగ్గర ఆగిపోతుంది.

ఐదు రెట్లు తక్కువేం కాదు. అయినా ఒంటరి వేటగాడికి మా ఓటు హ్యాండీక్యామ్‌కే. మిర్రర్‌లెస్‌లో జూమ్ చేయాలంటే లెన్సు చుట్టూ ఉన్న రింగును చేత్తో తిప్పాలి, దాంతో కెమెరా కదులుతుంది. ఫోకస్ జింకను వదిలి మధ్యలో ఉన్న కొమ్మను పట్టుకుంటే సరిచేయడానికి రెండో చెయ్యి కావాలి. పాత మోడళ్లు చాలావరకు 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ వాటంతటవే ఆపేస్తాయి. హ్యాండీక్యామ్‌కు ల్యాంక్ రిమోట్ (కేబుల్‌తో కెమెరాను నడిపే చిన్న మీట) తగిలించుకుంటే బొటనవేలితోనే రికార్డు, జూమ్ రెండూ నడుస్తాయి. రిమోట్ కొనేముందు దాని కేబుల్ కొన మీ కెమెరా రంధ్రంలో పడుతుందో లేదో చూసుకోండి. ఆ రంధ్రాలు అన్ని మోడళ్లలోనూ ఒకేలా ఉండవు.

విల్లుతో వేటాడేవాళ్లకు ఇంకో లెక్క. సెకనుకు 280 అడుగుల వేగంతో వెళ్లే బాణం 20 గజాలు దాటడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. సెకనుకు 24 ఫ్రేముల్లో తీస్తే అది ఐదు ఫ్రేముల్లోనే కనిపిస్తుంది, 60 ఫ్రేముల్లో అయితే 13. బాణం ఎక్కడ తగిలిందో తర్వాత చూసుకోవాలన్నా 60 మేలు. ఒక చిక్కుంది: ఏఎక్స్53 లాంటివి 60 ఫ్రేములు 1080లోనే ఇస్తాయి, 4కేలో ఇవ్వవు. విల్లుకు దూరం తక్కువ, కత్తిరించే అవసరం రాదు కాబట్టి 1080 పెట్టుకోండి. రైఫిలుకు 4కే.

స్టాండు, మైకు, తక్కినవి

చెట్టు మీద ట్రైపాడ్ నిలబడదు. చెట్టుకు పట్టీతో బిగించే కెమెరా ఆర్మ్, దానిమీద ఫ్లూయిడ్ హెడ్ (కెమెరాను కుదుపు లేకుండా మెల్లగా తిరగనిచ్చే తల) కావాలి. ఫొటోల కోసం చేసిన బాల్‌హెడ్ పెట్టారంటే కెమెరా తిప్పిన ప్రతిసారీ కుదుపు వస్తుంది. ఆర్మ్ దిగువ భాగం మట్టంగా లేకపోతే చెయ్యి తీయగానే కెమెరా తనంతట తానే పల్లానికి జారిపోతుంది. మట్టం చూపే నీటి బుడగ ఉన్న ఆర్మే కొనండి. పెట్టె మంచెలో అయితే ట్రైపాడ్ చాలు. దాన్ని నేల మీద పెట్టాలి. రైఫిలు ఆనించిన కిటికీ చెక్కకు తగిలిందా, పేల్చిన క్షణంలో బొమ్మంతా అదిరిపోతుంది.

మైకు మీద బొచ్చు తొడుగు లేకపోతే గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. రికార్డింగ్ స్థాయిని ఆటోలో వదిలేయొద్దు. తుపాకీ మోతకు కెమెరా బెదిరి శబ్దాన్ని ఒక్కసారిగా తగ్గించేస్తుంది, ఆ తర్వాత కొన్ని సెకన్లపాటు మీ గుసగుస కూడా పడదు. మాన్యువల్‌లో పెట్టి, గుసగుసలు మీటరులో మధ్యకన్నా కిందే ఉండేలా చూడండి.

సెకనుకు 60 మెగాబిట్ల 4కే గంటకు 27 జీబీ తింటుంది, 100 మెగాబిట్లయితే 45. వీ30 గుర్తున్న (రాసే వేగాన్ని చెప్పే గుర్తు) 128 జీబీ కార్డు ఒకటి చాలు. బ్యాటరీలు చలికి త్వరగా నీరసిస్తాయి, అదనపువి చొక్కా లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉండాలి.

డబ్బుల పంపకం సుమారుగా ఇలా: పాత హ్యాండీక్యామ్ 400, ఆర్మ్, హెడ్ కలిపి 130, రిమోట్ 30, మైకు, తొడుగు 50, రెండు బ్యాటరీలు 50, కార్డు 20. మిగిలిన 20తో ఫోన్ బిగించే క్లాంపు కొనండి, రెండో కోణానికి మీ ఫోనే కెమెరా. డ్రోన్ ఊసే వద్దు. చాలా రాష్ట్రాల్లో దాన్ని వేటలో వాడడం నేరం.

ఈ వారం పని

మీటరున్నర పొడవున్న అట్టముక్కను జింకగా అనుకుని, మీరు వేటాడే దూరంలో నిలబెట్టండి. కొనబోయే కెమెరాను (తిరిగి ఇచ్చే గడువు ఉన్న దుకాణంలో తీసుకోండి) పూర్తి జూమ్‌లో పెట్టి, సూర్యుడు మునిగాక 10, 20, 30 నిమిషాలకు ఒక్కో నిమిషం చొప్పున తీయండి. బీప్ శబ్దం, ముందున్న ఎర్ర దీపం ముందే ఆపేయండి. ఎన్నో నిమిషం దగ్గర అట్ట అంచు చుక్కల్లో కలిసిపోయిందో కాగితం మీద రాసుకోండి. మైకు తీగను రంధ్రం దగ్గర కొద్దిగా కదిపి చూడండి, గరగరమంటే ఆ కెమెరా వద్దు. లెన్సులోకి టార్చి వేసి బూజు దారాలున్నాయేమో చూడండి. చివరగా చేతికి దళసరి గ్లోవు తొడుక్కుని, కెమెరా వైపు చూడకుండా రికార్డు బటన్ నొక్కండి. మూడు ప్రయత్నాల్లో ఒక్కసారి తప్పినా రిమోట్ లేకుండా చెట్టెక్కవద్దు. నాలుగో పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఆర్మ్‌ను చెట్టుకు ఏ వైపు కట్టాలో అక్కడ చూద్దాం.