ముందు చన్నీళ్లు, తర్వాతే వేణ్ణీళ్లు: చలికాలంలో పిల్లల తల్లులకు

మొన్న మా వీధి చివరింట్లో ఏడాదిన్నర పాప వేణ్ణీళ్ల బకెట్‌లో పడింది. వాళ్లమ్మ మరిగిన నీళ్లు బకెట్‌లో పోసి, తువ్వాలు మర్చిపోయానని గదిలోకి వెళ్లింది. ఆ కాస్తలోనే జరిగిపోయింది. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

కాలిన గాయాల వార్డులో ఇరవై రెండేళ్లుగా కట్లు కడుతున్నాను. నేను చేరిన కొత్తలో కిరోసిన్ స్టవ్ భగ్గుమని కాలినవాళ్లు, బుడ్డిదీపం ఒలికి కాలినవాళ్లు ఎక్కువగా వచ్చేవారు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చి ఇంటింటికీ గ్యాస్ చేరాక ఆ కేసులు బాగా తగ్గాయి. వేడినీళ్ల కేసులు మాత్రం అలాగే ఉన్నాయి. ఐదేళ్లలోపు పిల్లల్లో ఇప్పుడు నేను చూసేవి చాలావరకు నీళ్లు, గంజి, టీ, సాంబారు మీద పడినవే. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మరీ ఎక్కువ.

వీటిలో నేను పదేపదే చూసిన తప్పు ఒకటే. ఖాళీ బకెట్‌లో ముందు మరిగిన నీళ్లు పోస్తారు, తర్వాత చన్నీళ్లు కలుపుదామనుకుంటారు. ఈలోగా ఫోన్ మోగుతుంది, పాలు పొంగుతాయి. అరవై డిగ్రీల నీళ్లు తగిలితే పెద్దవాళ్ల చర్మమే ఐదారు సెకన్లలో లోతుగా కాలుతుంది. పిల్లల చర్మం పలచన, ఇంకా త్వరగా కాలుతుంది. పైగా ఆ వయసులో తల బరువెక్కువ. అంచు పట్టుకుని తొంగి చూస్తే తలకిందులుగా పడతారు, తిరిగి లేవలేరు.

కాబట్టి ముందు చన్నీళ్లు. సగం బకెట్ చన్నీళ్లు పట్టాకే వేణ్ణీళ్లు పోయండి. మోచేయి ముంచి చూశాకే బిడ్డను తీసుకురండి. గీజర్ ఉన్నా అంతే, ముందు చన్నీళ్ల కుళాయే తిప్పండి. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లున్న ఇంట్లో తెల్లవారుజామున చీకట్లోనే ఈ పనంతా నడుస్తుంది, అక్కడ మరీ జాగ్రత్త.

హీటర్ రాడ్ పెట్టిన బకెట్ ఉన్న గదికి బయట గడియ పెట్టండి. స్విచ్ ఆపి, ప్లగ్ పీకాకే నీళ్లు ముట్టుకోండి.

గంజి వార్చేటప్పుడు పిల్లలు వంటింటి గడప దాటకూడదు. గంజి ఒంటికి అంటుకుపోతుంది, జారిపోదు, అందుకే నీళ్లకంటే లోతుగా కాలుస్తుంది. బిడ్డను ఒళ్లో పెట్టుకుని టీ తాగకండి. కెటిల్ వైరు గట్టు మీంచి వేలాడనివ్వకండి. పెళ్లిళ్లలో సాంబారు గిన్నె నేల మీద పెట్టనివ్వకండి. భోగిమంటలో పెట్రోలు పోయకండి. ఆ మంట దగ్గరకు పిల్లలకు నైలాన్ గౌన్లు వేయకండి.

అయినా కాలిందా? వెంటనే కుళాయి కింద పెట్టండి. ఇరవై నిమిషాలు, గడియారం చూసి. ఐస్ వద్దు. టూత్‌పేస్ట్ వద్దు. ఇంకు, పసుపు, గుడ్డు సొన, నెయ్యి, ఏదీ వద్దు. పేస్ట్ పూసుకుని వచ్చిన బిడ్డకు దాన్ని గోకి తీయాలి, ఆ ఏడుపు వినలేం. నీళ్లు పోస్తూనే డైపర్ విప్పండి, అది వేడినీళ్లను పట్టి ఉంచుతుంది. మొలతాడు, గాజులు, కాలి పట్టీలు వాపు రాకముందే తీసేయండి. అంటుకున్న బట్ట పీకకండి. బొబ్బలు చిదమకండి. కాలని ఒంటికి దుప్పటి కప్పండి. బిడ్డ అరచేతికంటే పెద్ద గాయమైతే, లేదా ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు కాలితే 108కి ఫోన్ చేయండి. తెల్లారాక చూద్దామనుకోకండి.

ఈ రాత్రే ఇంట్లో అందరికీ చెప్పండి. అమ్మమ్మకు, నాయనమ్మకు, పనమ్మాయికి కూడా. ముందు చన్నీళ్లు.