గంటసేపు పూల్‌లో ఉన్నా బరువు తగ్గడం లేదా?

"రెండు నెలలుగా రోజూ గంటసేపు స్విమ్మింగ్ చేస్తున్నాను, కిలో కూడా తగ్గలేదు." ఈ మాట చెప్పేవాళ్లందరినీ నేను ముందు అడిగేది ఒకటే: ఆ గంటలో మీరు ఈదింది ఎన్ని నిమిషాలు? చాలామంది దగ్గర జవాబు ఉండదు. తిండి మారుస్తారు, కొత్త గాగుల్స్ కొంటారు, పొద్దున్నే తేనె నీళ్లు మొదలుపెడతారు. పూల్ పక్కనున్న గడియారం మాత్రం చూడరు. దయచేసి ముందు అది చూడండి.

ముందుగా చూసుకోవాల్సింది

25 మీటర్ల పూల్‌లో ఈ గోడ నుంచి ఆ గోడకు ఎన్నిసార్లు వెళ్లారో ఒక్కరోజు లెక్కపెట్టండి. 20 సార్లు అనుకుందాం. ఒక్కోదానికి 40 సెకన్లు వేసుకున్నా మొత్తం 13 నిమిషాల చిల్లర. మిగతా సమయమంతా గోడ పట్టుకుని నిలబడ్డారన్నమాట. 70 కిలోల మనిషి మోస్తరు వేగంతో గంటసేపు ఆగకుండా ఫ్రీస్టైల్ ఈదితే సుమారు 400 కేలరీలు ఖర్చవుతాయి. 13 నిమిషాలకు 90 దాకా వస్తాయి. బయటికొచ్చి ఒక మసాలా దోసె తింటే అంతకు మూడింతలు లోపలికి పోతాయి.

"ఆగకుండా ఈదలేను, ఒక్క ల్యాప్‌కే ఆయాసం"

అసలు చిక్కు ఇక్కడుంది. అందరూ దీన్ని స్టామినా లేకపోవడం అనుకుంటారు. మూడంతస్తులు మెట్లెక్కినా రొప్పని మనిషికి 25 మీటర్లకే గుండె దడదడలాడుతోందంటే అది స్టామినా కాదు, ఊపిరి. నీళ్లలో ఊపిరి వదలడం లేదు.

నడుముకు బెండ్లు గానీ సొరకాయ బుర్రలు గానీ కట్టుకుని బావిలో, కాలవలో ఈత నేర్చుకున్నవాళ్లలో ఇది మరీ ఎక్కువగా చూస్తాను. వాళ్లకు ఈత బాగా వచ్చు, నీళ్లంటే భయం లేదు. అందుకే తప్పు అక్కడుందని వాళ్లూ అనుకోరు, కోచ్ కూడా పట్టించుకోడు. బావిలో ఈ దరి నుంచి ఆ దరికి నాలుగు బారలు వేస్తే చాలు. తల పైకెత్తి, ఊపిరి బిగబట్టి కొట్టేసినా గడిచిపోతుంది. కాలవలో అయితే పారే నీళ్లే మోసుకుపోతాయి. పూల్‌లో నీళ్లు కదలవు, 25 మీటర్లూ మీరే లాగాలి. తల పైకి లేచిందంటే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. ఒళ్లు ఏటవాలుగా అయిపోయి, ప్రతి బారకూ నీళ్లను ఛాతీతో నెట్టాల్సి వస్తుంది.

ముఖం ముంచి ఈదేవాళ్లలోనూ చాలామంది గాలి లోపలే బిగబడతారు. తల తిప్పిన ఆ కాస్త వ్యవధిలోనే పాత గాలి వదలాలి, కొత్తది పీల్చాలి. రెండూ సగం సగమే అవుతాయి. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. ఊపిరాడనట్టు అనిపించేది ఎక్కువగా దానివల్లే, ఆక్సిజన్ అయిపోయి కాదు. కండరాలు అలసిపోకముందే టెన్షన్ మొదలై చెయ్యి గోడ కోసం వెతుకుతుంది.

ఇదో కాదో తేల్చుకోవడం తేలిక. గట్టు మీద ఒకరిని నిలబెట్టి, మీరు ఈదుతుంటే చూడమనండి. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ బుడగలు వస్తున్నాయా? రాకపోతే ఇంకో కారణం వెతకక్కర్లేదు.

సరిచేసుకోవడం ఇలా: ఓ వారం పాటు దూరం సంగతి మర్చిపోండి. నడుము లోతు నీళ్లలో గోడ పట్టుకుని ముఖం ముంచండి. మనసులో నాలుగు లెక్కపెట్టేదాకా సన్నగా, ఆపకుండా బుడగలు వదలండి. తల పక్కకు తిప్పి పీల్చండి, మళ్లీ ముంచండి. ముక్కులోకి నీళ్లు పోతుంటే నోరు మూసి "మ్మ్మ్" అంటూ ముంచండి, పోవు. ఆయాసం లేకుండా వరసగా 30 సార్లు చేయగలిగాకే ఈదడం మొదలుపెట్టండి.

ఈదేటప్పుడు చూపు పూల్ అడుగునున్న నల్లగీత మీద ఉండాలి. పీల్చడానికి తల ఎత్తకూడదు, ఒంటితో పాటు పక్కకు తిరగాలి. ఒక గాగుల్ అద్దం నీళ్లలోనే ఉందంటే సరిగ్గా తిప్పినట్టు. వేగం సగానికి తగ్గించండి. ఈ ఒక్కమాట ఎవరూ వినరు, వినండి. 25 మీటర్లు ఈది, గడియారం చూసి 20 సెకన్లే ఆగండి. అది అలవాటయ్యాక 50, ఆ తర్వాత 100. ఆగకుండా 20 నిమిషాలు ఈదగలిగిన రోజు నుంచి కేలరీల లెక్క వేసుకోండి.

"బాగానే ఈదుతున్నా, అయినా తగ్గట్లేదు"

అయితే ఆకలిని చూసుకోండి. చల్లటి నీళ్లలోంచి బయటికొస్తే తిండి మీదకు మనసు లాగుతుంది. 2005లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, 20 డిగ్రీల నీళ్లలో వ్యాయామం చేశాక తిన్న కేలరీలు, 33 డిగ్రీల నీళ్లలో చేశాక తిన్నవాటి కంటే 44 శాతం ఎక్కువ. చలికాలం పొద్దుటి బ్యాచ్ వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. బయటికి రాగానే ఒళ్లు తుడుచుకుని, పొడిబట్టలు కట్టుకుని, వేడిగా ఏదైనా తాగి, ఓ పావుగంట ఆగి టిఫిన్‌కి కూర్చోండి.

మిగతావి

స్మార్ట్‌వాచ్ చూపించే కేలరీలను నమ్ముకుని తినకండి. నీళ్లలో మణికట్టు దగ్గర గుండె వేగం సరిగ్గా అందదు. థైరాయిడ్ అనుమానం ఉంటే రక్తపరీక్షతో తేలిపోతుంది, దాని గురించి పూల్ గట్టున చర్చలు అనవసరం. నేల మీద నడిచినా ఆయాసం వస్తున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా ఈత ఆపి డాక్టర్ దగ్గరకు వెళ్లండి.