దిద్దడానికి ఒకరి వ్యాసాలు ఒకరు మార్చుకునే ముందు జాగ్రత్తలు

పర్లాకిమిడిలో ఒడియా మీడియం చదివి, ఇప్పుడు తెలుగులో పరిశోధన వ్యాసాలు రాయడం నేర్చుకుంటున్న పిల్లల కోసం.

– వ్యాసం మీద రాసినవాళ్ల పేరు తీసేయండి. స్నేహితుడి తప్పు చూపడానికి మనసొప్పదు.

– ముందు వాదన, తర్వాత వాక్యాలు. అక్షరదోషాలు చివరికి.

– "బాగుంది" అని రాసి వదిలేయొద్దు. చదువుతూ ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో రాయాలి. "చాలామంది అంటారు" అని ఉంటే ఎవరన్నారో అడగండి. నాకు అన్నిటికన్నా ఇదే ముఖ్యం.

– వాడుక మాట కనబడగానే కొట్టేయొద్దు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. ఒడియా వాక్యం తొంగిచూస్తే మాత్రం గుర్తు పెట్టండి.

– ప్రతి సలహా పాటించక్కర్లేదు. కాదన్నదానికి కారణం పక్కనే రాసుకోండి.