డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్: తొమ్మిదో తరగతికి ఎలా చెప్పాలి?

ఇంగ్లిష్‌లో ఒకరి మాటని ఉన్నదున్నట్టు కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే డైరెక్ట్ స్పీచ్, దాన్నే మనం చెబుతున్నట్టు మార్చి రాస్తే ఇన్‌డైరెక్ట్.

కావలసినవి: బోర్డు, తెల్ల సుద్దతో పాటు ఎర్ర సుద్ద, ఆకుపచ్చ సుద్ద, నాలుగు పీరియడ్లు. ఎరుపు క్రియకి, ఆకుపచ్చ సర్వనామానికి. తారుమారు చేయొద్దు. మొదటి మూడు పీరియడ్లు పిల్లల నోట్సులు మూసే ఉండాలి. తెరిస్తే ‘విల్ అయితే వుడ్’ అన్న పట్టిక రాసుకుని పాఠం అయిపోయిందనుకుంటారు.

ముందు టెన్సులు వచ్చో రావో చూసుకోండి. గో, వెంట్, గాన్ దగ్గరే తడబడే క్లాసులో ఇది మొదలుపెట్టడం దండగ. కామా, కొటేషన్ గుర్తులు పది నిమిషాల పని. సెడ్, టోల్డ్ తేడా ఇంకో పది నిమిషాలు: టోల్డ్ పక్కనే వినే మనిషి ఉండాలి, సెడ్ పక్కన ఆ మనిషి రావాలంటే మధ్యలో ‘టు’ కావాలి. మనకి రెంటికీ ‘చెప్పాడు’ ఒక్కటే కాబట్టి ‘హి సెడ్ మి’ అని రాసేస్తారు.

అసలు చిక్కు ఈ తర్వాత. ‘తను వస్తానని రవి చెప్పాడు’ అంటాం. కర్త ‘తను’, క్రియేమో ‘వస్తాను’. అంటే సగం మనం చెబుతున్నట్టు, సగం రవి నోటి మాట ఉన్నదున్నట్టు. మన ‘అని’ దేన్నయినా మోసుకెళ్తుంది. కాలం మార్చమనదు, ప్రశ్నని సరిచేయమనదు. ఆ అలవాటుతోనే పిల్లాడు ‘రవి సెడ్ దట్ ఐ విల్ కమ్’ అని రాస్తాడు. వాడికి అందులో తప్పేమీ కనిపించదు, ఎందుకంటే ‘దట్ అంటే అని’ అని చెప్పింది మనమే. ఆ ముక్క క్లాసులో ఎప్పుడూ అనకండి.

గైడ్లలో ఎస్-ఓ-ఎన్ సూత్రం ఉంటుంది: ఫస్ట్ పర్సన్ సబ్జెక్టుని (చెప్పిన మనిషిని) బట్టి మారుతుంది, సెకండ్ పర్సన్ ఆబ్జెక్టుని (వినే మనిషిని) బట్టి మారుతుంది, థర్డ్ పర్సన్ మారదు. మార్కులకి పనికొస్తుంది, కాదనను. కానీ ‘హి సెడ్, “యు ఆర్ లేట్”’ అని ఇచ్చి చూడండి. అక్కడ ఆబ్జెక్టే లేదు. సూత్రం పట్టుకున్నవాడు పెన్ను కొరుక్కుంటూ కూర్చుంటాడు.

సూత్రం బదులు ముగ్గురిని లేపి నిలబెట్టండి. రవి సీతతో ‘ఐ విల్ గివ్ యు మై బుక్’ అనాలి. అది విని లతీఫ్ క్లాసుకి చెప్పాలి, కానీ ‘సెడ్’తో కాదు, ‘సేస్’తో: ‘రవి సేస్ హి విల్ గివ్ సీతా హిజ్ బుక్.’ సేస్ ఉన్నంతసేపూ కాలం కదలదు, సర్వనామాలే కదులుతాయి. రెండు మార్పులూ ఒకేసారి నెత్తిన పెట్టడం వల్లే ఈ పాఠం చెడుతోంది. ఒక పీరియడ్ మొత్తం సేస్‌తోనే, ఐదారు మాటలకి ఆడించండి. విసుగొచ్చినా ఆపొద్దు.

మర్నాడు టోల్డ్. ఈసారి ముగ్గురూ చెప్పాలి. లతీఫ్: ‘రవి టోల్డ్ సీతా దట్ హి వుడ్ గివ్ హర్ హిజ్ బుక్.’ సీత: ‘రవి టోల్డ్ మి దట్ హి వుడ్ గివ్ మి హిజ్ బుక్.’ రవి: ‘ఐ టోల్డ్ సీతా దట్ ఐ వుడ్ గివ్ హర్ మై బుక్.’ ఒకదాని కింద ఒకటి రాసి గీతలు గీయండి. ఎర్రగీత మూడింటిలోనూ వుడ్ కిందే పడుతుంది. ఆకుపచ్చ గీతల మీది మాటలు మనిషి మనిషికీ మారుతుంటాయి. ఎవరు చెప్పినా కాలం ఒకేలా వెనక్కి జరిగిందని ఇక నోటితో చెప్పక్కర్లేదు.

మూడో పీరియడ్ ప్రశ్నలకి. ‘వేర్ డు యు లివ్?’ అన్నది ‘హి ఆస్క్డ్ మి వేర్ ఐ లివ్డ్’ అవుతుంది. దట్ రాదు, డు ఎగిరిపోతుంది, ప్రశ్నార్థకం పోయి ఫుల్‌స్టాప్ వస్తుంది. అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నకి ఇఫ్. ఆజ్ఞలు తేలిక: టోల్డ్, వినే మనిషి, టు, క్రియ.

టుమారో గురించి ఒక మాట. దాన్ని ‘ద నెక్స్ట్ డే’ చేసి తీరాలని పట్టికలు చెబుతాయి. రవి మాటని లతీఫ్ అదే రోజు చెబితే టుమారో టుమారోనే. పరీక్ష పేపర్లో మాత్రం మార్చమనండి, లేకపోతే మార్కు పోతుంది.

నాలుగో పీరియడ్‌లోనే నోట్సులు తెరిపించి పది వాక్యాలు రాయించండి. దిద్దేటప్పుడు సరైన వాక్యం మీరు రాసివ్వొద్దు. తప్పు సర్వనామంలో ఉంటే మార్జిన్లో ‘స’, క్రియలో ఉంటే ‘క్రి’ అని పెట్టి పుస్తకం వెనక్కిచ్చేయండి.