గుడ్లగూబల పాఠాలు – 3: ఉండ విప్పి చూద్దాం

గుడ్లగూబ వాలే చోటును కింద పడ్డ తెల్లటి రెట్ట చారలను బట్టి పట్టుకోవడం పోయిన పాఠంలో చూశాం. అక్కడే నల్లటి ఉండలు కూడా దొరుకుతాయి. అవి రెట్ట కాదు. ఎలుకను గుడ్లగూబ చాలాసార్లు మొత్తంగా మింగేస్తుంది. అరగని బొచ్చు, ఎముకలు ఉండకట్టి నోట్లోంచే బయటికొస్తాయి. డేగలూ ఉండలు కక్కుతాయి గానీ, వాటి జీర్ణరసాల ఘాటుకు ఎముకలు చాలావరకు కరిగిపోతాయి. కాబట్టి పక్షి ఏం తిన్నదో ఎముకలను బట్టి తెలుసుకునే మన పనికి గుడ్లగూబ కక్కిన ఉండలే మేలు.

పాత గుళ్లలో, గోడౌన్లలో ఉండే తెల్లమొహం బార్న్ ఔల్ ఉండతో మొదలుపెట్టండి. పక్షి వేటకు వెళ్లాక, గ్లౌజులు, మాస్కు వేసుకుని ఏరుకోండి. పిల్లలున్న గూటి జోలికి పోవద్దు. ఉండను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, రెండు పుల్లలతో బొచ్చును మెల్లగా విడదీయండి. తొందరపడితే పుర్రెలు చితికిపోతాయి.

ఇక పళ్లు చూడాలి. ముందుపళ్లు నారింజ రంగులో, ఉలిలా ఉండి, వాటికీ దవడపళ్లకూ మధ్య ఖాళీ ఉంటే ఎలుక జాతి. ఖాళీ లేకుండా చివరిదాకా తెల్లటి సూదిపళ్లుంటే చుంచు. చుంచును చాలామంది ఎలుకే అనుకుంటారు, దాని పళ్లు చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది. ముక్కున్న పుర్రె పిట్టది.

లెక్క దగ్గరే చాలామంది తడబడతారు. ఉదాహరణకు ఒక ఉండలో ఎలుక పుర్రెలు 2, ఎడమ కింది దవడలు 3, కుడివి 2 వచ్చాయనుకోండి. తిన్నవి ఏడు కాదు, కనీసం 3. ఒక్కో ఎలుకకు ఎడమ దవడ ఒకటే కదా! ఏ ఎముక ఎక్కువసార్లు కనిపిస్తే ఆ అంకే వేసుకోవాలి. పక్కటెముకలు లెక్కపెట్టి బుర్ర పాడుచేసుకోకండి.

మచ్చల చిన్న గుడ్లగూబ ఉండలు వేరేగా ఉంటాయి. ముట్టుకుంటే పొడిపొడి అవుతాయి, లోపల ఎక్కువగా పేడపురుగుల రెక్కపెంకులు, పురుగుల కాళ్లు కనిపిస్తాయి.

గుడ్లగూబలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉన్నా, దీపావళి ముందు క్షుద్రపూజల కోసం వాటిని పట్టి అమ్మేవాళ్లున్నారు. అందుకే గూడు ఎక్కడుందో వాట్సాప్‌లో పెట్టకండి.

వచ్చే పాఠానికి మూడు ఉండలు విప్పి, తేదీ, చోటు, ఎడమ దవడలు, కుడి దవడలు, పుర్రెలు అని గడులు గీసి రాసుకోండి. వానాకాలం, ఎండాకాలం తిండిలో తేడా పట్టడానికి ఆ పట్టికే కావాలి.