కుక్క ఉంది, పిల్లాడు మాత్రం గడప దాటడు. ఏం చేయాలి?

ఆటిజం ఉన్న పిల్లలకి కుక్క తోడుంటే మంచిదని ఎవరో చెబితే తెచ్చుకున్నవాళ్లూ ఉంటారు, ఇంట్లో ముందు నుంచీ కుక్క ఉండగా పిల్లాడికి ఆటిజం అని తర్వాత తెలిసినవాళ్లూ ఉంటారు. ఎవరైనా నెల తిరక్కుండా అడిగేది మాత్రం ఒకటే, "కుక్క ఉన్నా వీడు బయటకి రావట్లేదేంటి?" అని. మావాడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు, మాటలు తక్కువ. మా కుక్క జూలీ ఇంటికొచ్చి నాలుగేళ్లయింది. మొదటి ఆర్నెల్లలో వాడు దానితో గేటు దాటిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అప్పుడు మేం చేసిన తప్పులూ, తర్వాత పనికొచ్చినవీ కింద రాస్తున్నాను. నాది అబ్బాయి కాబట్టి అలా రాశాను, అమ్మాయైనా లెక్క ఇదే.

ముందు ఒక వారం ఏమీ చేయకండి, ఊరికే చూసి రాసుకోండి. "బయటకి రాడు" అంటే ఏమీ తెలియదు, ఏ క్షణంలో ఆగిపోతున్నాడో తెలియాలి. చెప్పులు చూడగానే ఏడుస్తున్నాడా, గేటు దగ్గర బిగుసుకుపోతున్నాడా, రోడ్డెక్కాక చెవులు మూసుకుంటున్నాడా, లేక హాయిగా తిరిగి ఇంటికి పోదామంటే కూలబడుతున్నాడా? వీటిలో దేని మందు దానిదే.

సమస్య: లీష్ (కుక్కని పట్టుకుని నడిపే తాడు) చేతిలోకి తీసుకోగానే గొడవ మొదలు

కారణం సాధారణంగా రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి, చేస్తున్న పని వదిలి ఇంకో పనిలోకి మారడమే ఈ పిల్లలకి కష్టం, పైగా "బయటకి వెళ్దాం" అన్న మాటలో ఎంత దూరమో, ఎంతసేపో, ఎప్పుడు తిరిగొస్తామో ఏదీ ఉండదు. రెండోది మనం చూడనిది, కుక్క. లీష్ చప్పుడు వినగానే అది హాలంతా గంతులేసి, మొరిగి, తోకతో బల్ల మీదవి పడగొట్టి నానా యాగీ చేస్తుంది. పిల్లాడికి "బయట" అంటే ఆ గోలే గుర్తొస్తుంది. మా ఇంట్లో అచ్చం ఇదే జరిగింది, మేమేమో వీడికి బయటంటే భయం అనుకుని కూర్చున్నాం.

ముందు కుక్కని దారిలో పెట్టండి. రోజుకి పదిసార్లు లీష్ చేతిలోకి తీసుకుని, ఎక్కడికీ వెళ్లకుండా మళ్లీ తగిలించేయండి. కొన్నాళ్లకి ఆ చప్పుడంటే దానికి పట్టింపు పోతుంది. కూర్చుంటేనే హార్నెస్ (లీష్ తగిలించడానికి కుక్క ఒంటికి వేసే పట్టీ) వేయండి, లేచి గంతులేస్తే మళ్లీ పక్కన పెట్టేయండి.

పిల్లాడికి నాలుగు ఫొటోలు వరసగా అంటించండి: హార్నెస్, గేటు, మూల మీది చెట్టు, మళ్లీ ఇంటి తలుపు. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మలు వద్దు, మీ గేటు ఫొటోనే తీయండి. వాడికంటూ ఒక పని కూడా ఇవ్వండి. మావాడి పని హార్నెస్ బకిల్ పెట్టడం. రెండు వైపులా పట్టుకుని నొక్కితే "టక్" మంటుంది, వాడికి ఆ చప్పుడు ఎంత నచ్చిందంటే పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, మూడోసారికి గానీ లేవడు. జూలీ అంతసేపూ కదలకుండా కూర్చుంటుంది, పాపం. బకిల్ పెట్టినవాడు తర్వాత తలుపు వైపు తనంతట తనే నడుస్తాడు, ఎందుకంటే ఇప్పుడు బయటకి వెళ్లాల్సింది జూలీ, తను దాన్ని తీసుకెళ్లేవాడు. నన్నడిగితే కుక్క వల్ల మొదటి లాభం ఇదే, వాడికి బయటకి వెళ్లడానికి ఒక కారణం దొరుకుతుంది. మనం "గాలి మంచిది, ఎండ మంచిది" అని ఎంత చెప్పినా అది వాడి కారణం అవ్వదు.

సమస్య: గేటు దాటగానే చెవులు మూసుకుని వెనక్కి పరుగు

చప్పుళ్లు, వెలుతురు, గాలి, చెప్పు పట్టీ ఒరుసుకోవడం, ఏదైనా కావచ్చు. ఇంద్రియాలకి తగిలేవి మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో అనిపించడం ఆటిజంలో భాగమేనని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం నిర్ధారణకి వాడే పుస్తకం) ప్రమాణాల్లోనే ఉంది. కాబట్టి వాడు నటించట్లేదు, మొండికేయట్లేదు.

టోపీ, చెవులకి ఇయర్ మఫ్స్, రద్దీ లేని వేళ, ఇవి మీకు తెలిసే ఉంటాయి. కుక్క వల్ల అయ్యేది వేరే ఉంది, వాసన చూడనివ్వండి. నేను మొదట్లో "పద పద" అని జూలీని ప్రతి స్తంభం దగ్గరా లాగేసేదాన్ని, వ్యాయామం కావాలి కదా అని. ఒకరోజు ఓపిక లేక వదిలేశాను. అది గోడ మొదట్లో ఒకే చోట ఓ రెండు నిమిషాలు ముక్కు పెట్టి నిలబడిపోయింది. మావాడు దాని పక్కన గొంతుక్కూర్చుని, అది చూసిన చోటే చూశాడు. ఇటుకల సందులో పచ్చగా నాచు ఉంది. వేలితో తాకాడు, తీశాడు, మళ్లీ తాకాడు. తడిగా ఉన్న దేన్నీ అంతకుముందు ముట్టుకున్నవాడు కాదు.

కుక్క ఆగిన ప్రతిసారీ వాడికి ఊపిరి తీసుకునే టైం దొరుకుతుంది, పైగా ఆ టైంలో వాడిని ఎవరూ ఏమీ అడగరు. చూపు కిందికి, ఒకే చోటికి పోతుంది కాబట్టి వీధిలోని మిగతా హడావిడి కాస్త తగ్గుతుంది. దూరం గురించి ఆలోచించకండి. గేటు నుంచి మొదటి స్తంభం వరకు వెళ్లి రావడం, మూడు నిమిషాలు, చాలు. ఏడుపు మొదలయ్యాక వెనక్కి రావడం కాదు, మొదలవకముందే రావాలి. ఇంకొంచెం బాగుందని ఇంకొంచెం లాగారో, మర్నాడు మళ్లీ మొదటికొస్తారు.

ఇంకో మాట. మనం ఇరవై వేల హెర్ట్జ్ వరకే వింటాం, కుక్క సుమారు నలభై అయిదు వేల వరకు వింటుంది. పెద్ద చప్పుళ్లకి మీ కుక్కే తోక ముడుచుకుని వణికే రకమైతే, ఆ దారిలో అది పిల్లాడికి ధైర్యం ఇవ్వలేదు సరికదా భయం అంటిస్తుంది. దారి మార్చండి.

సమస్య: కుక్క లాగితే వాడు పడిపోతున్నాడు, లేదా లీష్ వదిలేస్తున్నాడు

లీష్ ఒకటే ఉండటం వల్ల ఇది. రెండు కట్టండి. అసలుది పెద్దవాళ్ల చేతిలో, తేలికైన రెండోది పిల్లాడి చేతిలో. వాడు వదిలేసినా ఏమీ కాదు, పట్టుకున్నంతసేపూ నడిపేది తనే అనుకుంటాడు. లీష్‌ని వాడి మణికట్టుకో నడుముకో మాత్రం ఎప్పుడూ కట్టొద్దు. పిల్లాడిని కుక్కకి కట్టేసి నడిపించే వీడియోలు చూసి చాలామంది ఇదే చేస్తున్నారు. అందులో ఉండేవి సర్వీస్ డాగ్స్, కెనడాలోని నేషనల్ సర్వీస్ డాగ్స్ లాంటి సంస్థలు 1996 నుంచి ఏరికోరి శిక్షణ ఇస్తున్న రకం. మన ఇంటి కుక్క పిల్లిని చూస్తే పరుగెడుతుంది.

పారిపోయే అలవాటున్న పిల్లాడైతే మరీ జాగ్రత్త. అమెరికాలో 2012లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగం మంది (49 శాతం) నాలుగేళ్లు నిండాక ఒక్కసారైనా అలా తప్పించుకు వెళ్లే ప్రయత్నం చేశారని తల్లిదండ్రులు చెప్పారు. కుక్క కాపలా కాదు. చెరువు, కాలువ, స్విమ్మింగ్ పూల్ దగ్గర పెద్దవాళ్ల చెయ్యి పిల్లాడి చేతిలో ఉండాలి, లీష్ మీద కాదు.

సమస్య: అసలు కుక్కే నచ్చట్లేదు

కుక్క అంటే మొరుగుడు, తడి ముక్కు, నాకుడు, వాసన, ఊడే వెంట్రుకలు. అవే వాడికి పడకపోవచ్చు. బలవంతంగా చెయ్యి పట్టి నిమిరించకండి. రెండు మూడు మీటర్ల దూరంలో పక్కపక్కన నడిస్తే చాలు, బంతి విసిరితే చాలు. నెలలు గడిచినా దూరమే ఇష్టమంటే ఆ దూరమే ఉంచండి. కొందరికి కుక్కలు నచ్చవు, అంతే.

సమస్య: గట్టిగా వాటేసుకుంటాడు, కుక్క తప్పించుకుంటోంది

అన్నిటికంటే సీరియస్‌గా తీసుకోవాల్సింది ఇది. ఒంటికి గట్టి ఒత్తిడి తగిలితే కొందరు పిల్లలకి నిమ్మళంగా ఉంటుంది, అందుకే పిండేస్తారు. కుక్క వద్దంటోందని వాళ్లకి తెలియదు. నిజం చెప్పాలంటే పెద్దవాళ్లకీ తెలియదు. నిద్ర రాకపోయినా ఆవలించడం, తిండి లేకపోయినా మూతి నాక్కోవడం, ముఖం పక్కకి తిప్పేయడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, కదలకుండా బిగుసుకుపోవడం, ఇవన్నీ "ఇక చాలు" అని చెప్పడమే. ఫొటోలో "ఎంత ముద్దుగా ఉన్నారో" అని మనం మురిసిపోయే చాలా కౌగిలింతల్లో కుక్క ముఖం చూస్తే ఈ గుర్తుల్లో రెండు మూడు కనిపిస్తాయి. గుర్రుమంటే కొట్టొద్దు, తిట్టొద్దు. గుర్రుమనడం హెచ్చరిక, దాన్ని మాన్పిస్తే తర్వాతిసారి హెచ్చరిక లేకుండానే కరవొచ్చు.

మేం చేసింది మూడు అంకెల లెక్క. ఒకటి, రెండు, మూడు అని నిమిరి చేతులు తీసేయాలి. జూలీ తనంతట తను దగ్గరికొస్తే ఇంకో మూడు, రాకపోతే అయిపోయింది. అంకెలంటే ఇష్టమున్న పిల్లాడు కాబట్టి ఇది పట్టేశాడు. "ముఖం తిప్పింది, చేతులు తీశాం" అన్నదానికి జూలీ ఫొటోలతోనే ఒక కార్డు చేశాం. ఒత్తిడి కావాలంటే వేరే దారులున్నాయి, బరువున్న చిన్న బ్యాగు మోయడం, తాడు లాగడం లాంటివి. మీ పిల్లాడికి ఎంత బరువు సరిపోతుందో ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌నే (రోజువారీ పనుల్లో ఇలాంటి ఇబ్బందులకి శిక్షణ ఇచ్చే నిపుణులు) అడగండి.

ఇంట్లో కుక్కకి పిల్లాడు రాకూడని ఒక మూల ఉండాలి. ఇద్దరినీ ఒంటరిగా వదలొద్దు, ఎంత మంచి కుక్కైనా సరే. కుక్కకి టీకాలు తప్పకుండా వేయించండి. పంటి గాటో గోటి గీతో పడితే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మన కుక్కే కదా అని ఊరుకోవద్దు.

సమస్య: నేల కాలుతోంది

అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించండి. ఆనించలేకపోతే కుక్క కాళ్లూ కాలతాయి. ఆ రోజు ఎండ తగ్గేదాకా ఆగాలి.

సమస్య: ఎదురైనవాళ్లు ఆపి పలకరిస్తున్నారు

కుక్క ఉంటే మనుషులు ఆగుతారు, వాడికేమో మనుషులే కష్టం. అమెరికన్ పిల్లల మానసిక నిపుణుడు బోరిస్ లెవిన్‌సన్ తన కుక్క జింగిల్స్ దగ్గరున్నప్పుడు ఎవరితోనూ కలవని ఒక పిల్లాడు దానితో కలిసిపోవడం చూసి 1962లో దాని గురించి రాశాడు. అప్పటి నుంచీ అందరికీ ఇదే ఆశ, కుక్క వంకన వీడు మాట్లాడేస్తాడని. మాట్లాడితే మంచిదే, కానీ "అంకుల్‌కి హాయ్ చెప్పు, కుక్క పేరు చెప్పు" అని మొదలుపెడితే వాడికి వాకింగ్ కాస్తా పరీక్షగా మారిపోతుంది. అడిగినవాళ్లకి మీరే జవాబు చెప్పి నడిచేయండి. మావాడు ఒకసారి ఎవరూ అడక్కుండానే "జూలీ" అన్నాడు, అడిగిన రోజుల్లో ఒక్కసారి కూడా అనలేదు.

సమస్య: బాగానే తిరుగుతాడు, ఇంటికి రమ్మంటే కూలబడతాడు

తిరగడం అయిపోయిందని వాడికి ముందే తెలియకపోవడం వల్ల. మేం టైమర్ పెట్టాం, "ఇంకో రెండు నిమిషాలు" అన్నాం, తలప్రాణం తోకకొచ్చింది తప్ప లాభం లేదు. పనిచేసింది నీళ్ల గిన్నె. ఇంటికి రాగానే జూలీ గిన్నెలో నీళ్లు పోయడం వాడి పని అని పెట్టాం, ఆఖరి ఫొటోలో తలుపు తీసేసి గిన్నె అంటించాం. జూలీ నాలుక బయటపెట్టి రొప్పుతుంటే చూపించి "జూలీకి నీళ్లు" అంటే చాలు, లేస్తాడు. దీనివల్ల ఇంకోటి కలిసొచ్చింది. వాడికి తన దాహం తనకి తెలియదు, ఈ పిల్లల్లో చాలామందికి ఒంట్లోంచి వచ్చే ఆకలి, దాహం లాంటి కబుర్లు సరిగ్గా అందవు. ఇప్పుడు అది గిన్నెలో తాగుతున్నంతసేపూ వీడు పక్కన నిలబడి తన గ్లాసు ఖాళీ చేస్తాడు.

సమస్య: నిన్నటిదాకా వచ్చినవాడు ఇవాళ ససేమిరా అంటున్నాడు

ముందు నొప్పి చూడండి: చెవి, పన్ను, బిగుతైన బూట్లు. తర్వాత కుక్కని చూడండి. మేం ఒకసారి జూలీకి షాంపూ మార్చాం, మూడు రోజులు వాడు దాని దరిదాపులకి రాలేదు, మాకు తట్టనే లేదు.

సమస్య: కుక్క లేని రోజు అడుగు తీసి అడుగు వేయడు

ఇది మన చేతులారా తెచ్చుకునేది. మొదటి నుంచీ వారానికి ఒక్కసారైనా, అదే దారిలో, కుక్క లేకుండా వెళ్లి రండి. ఫొటోల వరసలో హార్నెస్ బదులు పడుకున్న కుక్క బొమ్మ పెట్టండి. కుక్కకి జబ్బు చేయొచ్చు, ముసలిదవుతుంది. చాలా కుక్కలు పది పదమూడేళ్ల దాకానే ఉంటాయి.

మొన్న జూలీ కాలికి గాజు ముక్క గుచ్చుకుని కట్టు కట్టారు, వారం నడవకూడదన్నారు. మావాడు ఖాళీ లీష్ చేతిలో పట్టుకుని గేటు తీశాడు. స్తంభం దగ్గర ఆగాడు. గోడ మొదట్లో ఆగాడు. జూలీ ఎంతసేపు ఆగుతుందో సుమారుగా అంతసేపూ నిలబడి, మూల చెట్టు దాకా వెళ్లి వచ్చి, గిన్నెలో నీళ్లు పోశాడు.